తువ్వాలు కింద చెప్పిన అబద్ధం

నాలుగేళ్ళుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. అది నోటితో చెప్పింది కాదు. ఎవరూ వినలేదు, ఎవరూ చూడలేదు. రేపు ఎవరైనా నిలదీస్తే నేను అలా అనలేదని ప్రమాణం కూడా చేయగలను, ఆ ప్రమాణం అక్షరాలా నిజమే అవుతుంది. అందుకే దాని బరువు తగ్గడం లేదు.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నాకు తెలియదు కాబట్టి. రోజూ నా కారెక్కేవాళ్ళు వెనక సీట్లో కూర్చుని ఫోన్లో ఎవరెవరితోనో కడుపులో మాటలన్నీ చెప్పుకుంటారు. ముందు సీట్లో ఒక మనిషి ఉన్నాడని, వాడికీ చెవులున్నాయని గుర్తుండదు. దిగేటప్పుడు తేలికపడి దిగుతారు. ఇవాళ ఆ వెనక సీట్లో నేను కూర్చున్నాననుకోండి.

నేను అనంతపురంలో యాప్ కారు తోలుతాను. మా ఊరు గార్లదిన్నె పక్కన. కారు కొనడానికి పోయిన రోజు నిజానికి నేను కొనడానికి పోలేదు, చిన్న బండి రేటు కనుక్కోవడానికి పోయాను. ప్రవీణ్ అనే సేల్స్‌ కుర్రోడు ఎదురొచ్చి, నా పాత మోటార్‌సైకిల్‌కు ఎంతొస్తుందో చూయిస్తానని తాళం తీసుకుని లోపలికి పంపాడు. రెండు గంటలైనా తాళం వెనక్కి రాలేదు. ఈలోగా టీ వచ్చింది, కూల్‌డ్రింక్ వచ్చింది, మేనేజర్ వచ్చాడు. "మీ ఇంట్లో మేడంకు ఏ రంగు ఇష్టమన్నా?" అని అడిగారు. నా భార్యను మేడం అన్నవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు. తాళం అడిగితే "వస్తాందన్నా, ఒక్క నిమిషం" అన్నారు. ఎండలో బస్టాండు దాకా ఆరు కిలోమీటర్లు నడిచిపోలేక కూర్చున్నాను. సాయంత్రానికి పెద్ద బండికి సంతకాలు పెట్టాను. మెడలో దండేసి, అట్టతో చేసిన మూరెడు తాళం చేతికిచ్చి, అందరూ చప్పట్లు కొట్టారు. ఫోటోలో నేను నవ్వుతూనే ఉన్నాను.

ఆ తర్వాతి బతుకు మీకూ కొంత తెలిసే ఉంటుంది. ఫోన్ ఎక్కడికి రమ్మంటే అక్కడికి పోతాను. అక్కడ మనిషి ఉండడు. ఫోన్ చేస్తే "నేను ఈడ నిలబడుకోనుంటే నువ్వు ఆడికెందుకు పోయినావప్పా?" అని నన్నే తిడతాడు. ఒకాయన ఏసీ పెంచమంటాడు, పక్కనావిడ తగ్గించమంటుంది, దిగాక ఇద్దరూ కలిసి ఒక్క నక్షత్రం ఇస్తారు. నక్షత్రాలు తగ్గితే ట్రిప్పులు తగ్గుతాయి. ట్రిప్పులు తగ్గితే ఇంకో నాలుగు గంటలు తోలాలి. బండి అమ్మేద్దామంటే అప్పు తీరదు, తోలకుండా ఉంటే అసలే తీరదు. తలుపులు లేని గదిలో ఉన్నట్టు ఉండేది నాకు. అయినా ఊళ్ళో ఎవరడిగినా "బాగానే ఉండాది" అనేవాణ్ణి. కారున్నవాడు ఏడిస్తే నవ్వుతారని భయం.

ఏడాది తిరగకముందే గేర్‌బాక్స్ పోయింది. బండిని ఆ షోరూం వెనకున్న వర్క్‌షాపులోనే పెట్టారు. సామాను రావాలన్నారు, పై నుంచి అనుమతి రావాలన్నారు. మూడు వారాలు గడిచాయి. రోజూ పొద్దున పోయి దుమ్ము పట్టిన నా బండిని చూసి వచ్చేవాణ్ణి. అలాంటి ఒక రోజు ప్రవీణ్ నన్ను పక్కకు పిలిచాడు.

"అన్నా, ఈ నెల నాకొక్క బండి తక్కువ పడతాంది. ఒక్క పార్టీని చూపించు. వాళ్ళు సంతకం పెట్టిన మరుసటి దినమే నీ బండి బయటుంటాది. నేను దగ్గరుండి తెప్పిస్తా."

వాణ్ణి దుర్మార్గుడని అనలేను. పొద్దున మీటింగులో మేనేజర్ వాణ్ణి అందరి ముందూ నిలబెట్టి ఎలా మాట్లాడతాడో నేను అద్దంలోంచి చూశాను. వాడూ నాలాగే ఇరుక్కున్నాడు. కానీ వాడు నన్ను అడిగింది ఒక్క పేరు. ఆ పేరు ఇచ్చింది నేను.

ఓబులేసు చిన్నాయన. రక్తసంబంధం లేదు, మా నాయనకు ప్రాణస్నేహితుడు, అందుకని నాకు చిన్నాయన. గొర్రెలు కాస్తాడు. ఆయన మంద మా చుట్టుపక్కల మూడు ఊళ్ళలో పేరున్న మంద. వానల్లేని ఏళ్ళలో కూడా ఎక్కడెక్కడో తుమ్మకాయలు ఏరి, మేత వెతుక్కుంటూ కర్ణాటక దాకా తోలుకుపోయి బతికించుకున్న మంద. ఆయన కొడుకు సీనా గొర్రెల వెంట పోలేనని, అన్నలాగా కారు తోలతానని ఇంట్లో పట్టుబట్టి ఉన్నాడు. అన్న అంటే నేనే. సీనా ఫోన్ నంబరు ప్రవీణ్‌కు ఇచ్చాను.

ఇక చూడండి. రోజుకు మూడుసార్లు ఫోను. నాలుగో రోజు ప్రవీణ్ కొత్త కారేసుకుని గొర్రెల దొడ్డి దగ్గరికే వచ్చేశాడు. చిన్నాయన చెప్పులు బయట విడిచి కారెక్కి, సీటు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడట. దిగి వచ్చి, "గొర్రెలకు దీంట్లో చోటు చాలదప్పా" అని నవ్వాడట. తోలేది సీనా అయినా బండి డబ్బుకు అమ్మాల్సిన మంద చిన్నాయనది, మాట చిన్నాయనది. ఆయన వెంటనే ఒప్పుకోలేదు. నాకు కబురు పెట్టాడు. షోరూంకు తోడు రమ్మన్నాడు.

ఎందుకు రమ్మన్నాడో మీకు చెప్పాలి. మా వైపు గొర్రెల సంతలో కొనేవాడు ఒంటరిగా పోడు. నమ్మకమైన మనిషిని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. అమ్మేవాడి ఎదుట "ఈ పొట్టేలు పనికిరాదు" అని నోటితో అంటే వాడి పరువు పోతుంది, బాగుందంటే రేటు పెరుగుతుంది. అందుకని భుజం మీది తువ్వాలు తీసి మోకాళ్ళ మీద కప్పుకుని, దాని కింద పక్కవాడి చెయ్యి పట్టుకుంటాడు. ఆ పక్కవాడు గట్టిగా నొక్కితే తీసుకొమ్మని. చిటికెన వేలు పట్టి లాగితే లేచి రమ్మని. ముప్పై ఏళ్ళు చిన్నాయన తువ్వాలు కింద ఉన్నది మా నాయన చెయ్యే. నాయన పోయాక ఆయన ఆ తోడు లేకుండానే సంతకు పోయాడు.

దారిలో బస్సులో అడిగాడు. "నీ బండేదప్పా?" సర్వీసింగ్‌కు ఇచ్చానన్నాను. "నీకు బాగుండాది గదా ఈ పని?" బాగానే ఉందన్నాను. ఆయన కిటికీలోంచి చూస్తూ అన్నాడు: "నోరు మొగమాటానికి ఏమన్నా అంటాది. ఆడ కూర్చున్నాక నీ చెయ్యి చెప్పల్ల."

షోరూంలో సీనా తిన్నగా పోయి బండిలో కూర్చున్నాడు. స్టీరింగ్ పట్టుకుని తిప్పకుండా ఊరికే కూర్చున్నాడు. మమ్మల్ని ఒక బల్ల ముందు కూర్చోబెట్టారు. ప్రవీణ్ కాయితాలు పరిచి మాట్లాడుతూనే ఉన్నాడు. ఈ సాయంత్రం దాకానే ఈ రేటు, రేపు తాను ఇస్తానన్నా కంపెనీ ఇవ్వదు, ఇద్దరు వేరేవాళ్ళు ఇదే బండి మీద కన్నేశారు. చిన్నాయనకు ఊపిరాడలేదు. ఒకసారి "ఇంటికి పోయి మాట్లాడుకోని వస్తామప్పా" అని లేవబోయాడు కూడా. అంతలో ప్రవీణ్ నా వైపు తిరిగాడు.

"ఈ అన్ననే అడుగు పెద్దాయనా. మా బండే తోల్తాండాడు."

చిన్నాయన మళ్ళీ కూర్చున్నాడు. తువ్వాలు తీసి మోకాళ్ళ మీద వేసుకున్నాడు. దాని కిందికి నా చెయ్యి తీసుకున్నాడు.

ఆ చెయ్యి మొరటుగా ఉంది, కొమ్మలు కొట్టి కొట్టి కాయలు కాసి ఉంది. నన్ను పట్టుకోలేదు. ఊరికే తెరుచుకుని, ఎదురుచూస్తూ ఉంది. నాకు జవాబు తెలుసు. ఇంత స్పష్టంగా నా జన్మలో నాకు ఏదీ తెలియలేదు. చిటికెన వేలు. ఒక్కసారి లాగితే చాలు, ఆయన ఒక్క మాట అడక్కుండా లేచి వచ్చేసేవాడు. తల ఎత్తితే ఎదురుగా అద్దం గోడ, దాని అవతల వర్క్‌షాపు, అందులో నా బండి వెనక భాగం, దుమ్ములో ఎవరో వేలితో గీసిన గీతలు. ఎంతసేపు చూశానో. నన్ను నేను అడుగుతూనే ఉంటాను, నా పిల్లలు గుర్తొచ్చారా? ఆకలి గుర్తొచ్చిందా? లేదు. బండి బయటికి రావాలి అన్న ఒక్క మాట తప్ప నా బుర్రలో ఏమీ లేదు.

గట్టిగా నొక్కాను.

"మంచిదప్పా, రాసుకోండి," అన్నాడు చిన్నాయన ప్రవీణ్‌తో. బయటికొచ్చాక నా భుజం తట్టి, "మీ నాయన చెయ్యి గూడా ఇట్లే ఉంటాండె" అన్నాడు.

మరుసటి రోజు కాదు గానీ, మూడో రోజు నా బండి బయటికొచ్చింది. ఆ తర్వాతి వారం చిన్నాయన గొర్రెలు లారీ ఎక్కాయి. ఆ రోజు నేను కావాలనే ఊళ్ళో లేను, పుట్టపర్తి ట్రిప్పు పట్టుకుని పోయాను. మందను కాసే కుక్క రెండు రోజులు ఖాళీ దొడ్డిలోంచి కదల్లేదని మా ఆవిడ చెప్పింది. నేను అన్నం తింటూ విన్నాను.

ఆయన ఎలాగైనా కొనేవాడే కదా అని చాలాసార్లు నాకు నేను చెప్పుకున్నాను. సీనా పోరు, ప్రవీణ్ పోరు, వానల్లేవు, నేను నొక్కకపోయినా జరిగేదే. ఇలా చెప్పుకుంటే ఒక పూట నిద్ర పడుతుంది. కానీ ఆయన లేవబోయాడు. కుర్చీ వెనక్కి జరిపిన చప్పుడు నేను విన్నాను. ఆయన్ని మళ్ళీ కూర్చోబెట్టింది నా మీద నమ్మకమే. అందుకని ఆ వాదన ఎప్పుడూ చివరిదాకా పోదు.

సీనా ఏడాది అనంతపురంలో తోలాడు. ఒకే రైల్వే స్టేషను ముందు ఒకే ట్రిప్పు కోసం ఇద్దరం ఫోన్లు చూసుకుంటూ నిలబడిన రోజులున్నాయి. తర్వాత బెంగళూరు పోయాడు. అక్కడ కార్లోనే పడుకుని, కార్లోనే తిని, నడుము పోగొట్టుకున్నాడు. చివరికి ఫైనాన్స్ వాళ్ళు బండి తీసుకుపోయారు. ఇప్పుడు వేరేవాళ్ళ నీళ్ళ ట్యాంకర్ తోలుతున్నాడు. చిన్నాయన వేరేవాళ్ళ గొర్రెలు కాస్తున్నాడు. అరవై దాటిన మనిషి, తన మంద తిరిగిన బీళ్ళలోనే ఇంకొకరి మందను తిప్పుతున్నాడు.

పోయిన నెల ఉరవకొండ నుంచి ఇద్దరు ప్యాసింజర్లతో వస్తుంటే రోడ్డు నిండా గొర్రెలు. ముందుకు పోలేను, వెనక లారీ, వెనక్కీ పోలేను. మందలోంచి ఆయన వచ్చాడు. అద్దం దించకుండా ఉండలేకపోయాను. "బాగుండావా అప్పా, పిల్లోళ్ళు బాగుండారా?" అని అడిగి, వెనక కూర్చున్నవాళ్ళతో, "మావోడే సార్, భయం లేకుండా పోండి" అన్నాడు. గొర్రెల్ని తానే అదిలించి నాకు దారి చేశాడు. ఆ ప్యాసింజర్లు నాకు ఐదు నక్షత్రాలు ఇచ్చారు. ఊరి బయట బండి ఆపి కాసేపు ఏడ్చాను.

ఆయన నన్ను ఇంతవరకూ ఒక్క మాట అనలేదు. తిడితే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆయన లెక్క వేరు. మా నాయన కొడుకు తప్పు చెప్పడు. కాబట్టి బండి మంచిదే, పని మంచిదే. చెడింది సీనా దగ్గరే.

ఇక్కడితో ఆపేద్దామనుకున్నాను. ఆపితే మళ్ళీ సగమే చెప్పినట్టు అవుతుంది. ఇంకొకటి ఉంది, అది తువ్వాలు కన్నా ఘోరం.

ఫైనాన్స్ వాళ్ళు బండి తీసుకుపోయిన వారం సీనా బెంగళూరు నుంచి ఫోన్ చేశాడు. మధ్యాహ్నం, నేను టవర్ క్లాక్ దగ్గర ట్రిప్పు కోసం ఆగి ఉన్నాను. వాడు దుడ్లు అడగలేదు, సాయం అడగలేదు. ఒక్క మాటే అడిగాడు:

"అన్నా, ఒకటి చెప్పు. నువ్వెట్ల నెట్టుకొస్తాండావు? అదే బండి, అదే పని. నాకొక్కనికే చేతకాలేదా?"

అప్పటికి నేను మా ఆవిడ గాజులు కూడా తాకట్టు పెట్టి ఉన్నాను. ఆ ముక్క చెప్పి ఉంటే చాలు. వాడి గుండె మీదున్నది సగం దిగిపోయేది. నేను గొంతు సవరించుకుని, పెద్దవాడిలా, "కష్టపడల్ల సీనా" అన్నాను.

"సరేన్నా" అని ఫోన్ పెట్టేశాడు. ఆ రోజు నుంచి వాడు వాళ్ళ నాయన ముందు తలెత్తి మాట్లాడడం లేదట. చిన్నాయన కూడా వాడికి ఏ పనీ నమ్మి అప్పజెప్పడు. తండ్రీ కొడుకులు ఒకే ఇంట్లో ఉండి పలకరించుకోవడం మానేశారు. వాళ్ళిద్దరి మధ్య ఉన్నది నేనని ఇద్దరికీ తెలియదు.

వాళ్ళింటికి పోయి చెబుతానని మీకు మాటివ్వను. నా మాట సంగతి మీకిప్పుడు తెలిసింది కదా. మీరు క్షమించాలనీ అడగను, మీకు ఆ హక్కు లేదు. కానీ ఆ రోజు ఫోన్లో అనాల్సిన మాట ఇప్పటికైనా ఒక్కసారి బయటికి రావాలి. రాయడం మొదలుపెట్టి ఆ మాట దగ్గరే మూడుసార్లు ఆగిపోయాను. ఇదిగో రాస్తున్నాను.

సీనా, నీకు చేతకాక కాదు. నాకూ చేతకాలేదు. మీ నాయన అడిగిన రోజు నా బండి సర్వీసింగ్‌లో లేదు, చెడిపోయి మూడు వారాలకు పైగా పడి ఉంది. దాన్ని బయటికి తెచ్చుకోవడానికి నిన్ను లోపలికి తోశాను. తెలిసే తోశాను.