తూము మీద రాయి

శ్రీకూర్మంలో కూతురింటికి వెళ్ళిన మా అత్తగారు అక్కడే పోయారని మొన్న కబురొచ్చింది. నేను నమ్మలేదు. కబురు తెచ్చినవాణ్ణి గుమ్మంలో నిలబెట్టి, నువ్వు కళ్ళారా చూశావా, ఎవరైనా చెబితే విన్నావా అని గుచ్చి గుచ్చి అడిగాను. పాపం, అతను బిక్కమొహం వేశాడు. అలా అడగడం నాకు నేర్పింది ఆవిడే.

విజయనగరంలో మాది వర్తకుల ఇల్లు. ఇంటిల్లిపాదీ వ్యాపారం మీద బతికితే, అత్తగారు అనుమానం మీద బతికారు. వాసన చూడందే చింతపండు ఇంట్లోకి రానిచ్చేవారు కారు. తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చి లాగేవారు. "పాలోడు నవ్వాడంటే నీళ్ళు కలిపినట్టే" అనేవారు. నేను నవ్వినా నా వైపు అదే చూపు.

విశాఖపట్నం మీద బాంబులు పడిన వేసవిలో మా వీధి సగం ఖాళీ అయింది. జనం బళ్ళు కట్టించుకుని శృంగవరపుకోట వైపు పోయారు. నేను కడుపుతో ఉన్నదాన్ని, తల్లి లేనిదాన్ని, ఎక్కడికి పోతాను? అత్తగారు నాకోసం ఉండిపోయారు. ఒకనాడు నా దగ్గరికొచ్చి "నీ నగలిలా తే, దాస్తాను" అన్నారు. మా అమ్మ పెట్టుకున్న కంటె, వంకీలు తీసి ఇచ్చాను. ఎక్కడ దాచారంటే చెప్పరు.

"నీకు సెప్తే నీ మొగుడికి సెప్తావు. ఆడు బజారుకి సెప్తాడు."

అవి శ్రీకూర్మంలో ఆడపడుచు మెడలోకి చేరాయని నేను తేల్చేసుకున్నాను. ఆవిడ కోడల్ని కదా!

ఆషాఢంలో బాబు పుట్టాడు. పురిటిస్నానం అయ్యాక కూడా నేను పురిటిగదిలోనే ఉన్నాను. అది మండువా పక్కన, పల్లంలో ఉండేది. ఒక మధ్యాహ్నం పెద్ద వాన కురిసి, ఇంటి మురుగు వీధి కాలవలోకి పోయే తూము మూసుకుపోయింది. నల్లనీళ్ళు వెనక్కి తన్ని మండువా నిండా చేరాయి. ఆ కంపు చెప్పలేను. "పక్కింటోళ్ళే గుడ్డలు కుక్కీసినారు!" అని అత్తగారు గోడ మీంచి తిట్ల దండకం ఎత్తుకున్నారు. మా ఆయన కాలవలు బాగుచేసే మనిషిని తీసుకొచ్చి, తూము మీద రాయి లేపమన్నారు. అత్తగారు వెళ్ళి ఆ రాయి మీద నిలబడ్డారు.

"ఒరే, ఆడిని పంపీ. ఈ రాయి ముట్టుకుంటే ఊరుకోను."

"ఇదేటమ్మా? నీళ్ళు పిల్లాడి గదిలోకి వస్తన్నాయి!"

ఆవిడ తల తిప్పి చూశారు. మురుగు గడప దాటి నా మంచం కింద చేరింది. బాబుని గుండెకు హత్తుకుని ఏడుస్తున్నాను. ఆ ఏడుపునీ ఒక్క క్షణం అనుమానించారనే ఇప్పటికీ అనుకుంటాను. తర్వాత రాయి దిగారు. మగవాళ్ళిద్దర్నీ వీధిలోకి పంపి, గడియ పెట్టి, గునపంతో రాయి తప్పించి, భుజం దాకా చెయ్యి లోపల పెట్టారు. ఉల్లిపాయ ముట్టుకున్నా స్నానం చేసే మనిషి!

మైనపుగుడ్డ చుట్టిన చెంబు బయటికొచ్చింది. ఏ దొంగా చెయ్యి పెట్టని చోటని తూము లోపలి గూట్లో దాచారట. వాననీళ్ళ తోపుకి జారి అడ్డం పడింది. మురుగు గడగడమంటూ పోయింది. ఆవిడ చెంబు తెచ్చి నా ముందు బోర్లించారు.

"సూసుకో. రేపు అత్త కాజేసినాదంటావు."

అన్నీ నావే. "మరి నీవేవి అత్తా?" అన్నాను.

"నావి పెట్టిలో ఉన్నాయి. పోతే పోతాయి. నీవి మీ అమ్మవి కదేటి."

పుట్టింటి నుంచి వచ్చాక నన్ను ఎవరూ అంతగా చూసుకోలేదు.

ఆవిడ నూతి దగ్గర కూర్చుని బూడిదతో, చింతపండుతో, కుంకుడురసంతో ఆ చెయ్యి ఎర్రబడేదాకా తోముకున్నారు. అప్పటిదాకా బాబుకు నలుగు పెట్టి నీళ్ళు పోసింది ఆవిడే. మర్నాటి నుంచి ఆ పనికి, తిట్టిన పక్కింటావిణ్ణే పిలిచారు. "నీళ్ళు సురుక్కుమంటన్నాయేమో, సూడు" అని దూరం నుంచే సాధించేవారు.

"ఏ వాసనా లేదత్తా, ఎత్తుకో" అని నేనెంత చెప్పినా నమ్మలేదు. గుమ్మం దాకా వచ్చి, వేళ్ళు వాసన చూసుకుని, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వాడి మొహం మీదికి వంగేవారు.