జెడ్డా పడవలో పట్టుకున్న చెయ్యి

మా గోదావరి లంకలో పంటు పడవ ఎక్కితే ఎదురుగా ఒకటే రేవు. ఒడ్డు దగ్గరపడగానే లేచి అంచున నిలబడ్డం మాకు చిన్నప్పట్నుంచీ అలవాటు. జెడ్డా సముద్రంలో బస్సులా రేవురేవుకీ తిరిగే పడవలోనూ అలాగే లేచాను. పడవ ఆగలేదు. ఒడ్డు వదిలేసి లోపలికి తిరిగింది. నా రేవు దాటిపోయిందనుకున్నాను. ఫోన్ ఆరిపోయింది. నేను పనిచేసే ఇంటి మేడమ్ రేవులో ఎదురుచూస్తోంది.

"ఓరి నాయనో!" అన్నాను పైకే.

పక్కన నల్లటి అబాయా వేసుకుని కూర్చున్న ఆవిడ నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టింది.

"తెలుగోళ్లేనామ్మా? ఏం కాదు, కూర్చో. ఆగే రేవు ఇంకా ముందర ఉండాదంట, టికెట్టాయన చెప్పినాడు."

కడప యాస. దిగేదాకా ఆ చెయ్యి వదల్లేదు. నాకు ధైర్యం చెప్పడానికే అనుకున్నాను.

గట్టు మీద కాలు పెట్టాకే ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

"పడవెక్కడం నాకిదే మొదలు. నువ్వట్లా లేస్తే బోల్తా పడతాదేమోనని పానం పోయిందనుకో!"

పేరు అడిగేలోపే వెళ్ళిపోయింది. ఆలస్యమైందని మేడమ్ ఏమేం తిట్టిందో ఇప్పుడు గుర్తులేదు. మణికట్టు మీద ఆవిడ గోళ్ల గుర్తులు నాలుగూ మాత్రం మర్నాటికి గానీ పోలేదు.