పదహారు మీద కూర్చున్నవాడు

తీర రేడియో గదిలో ఆవిడకు ఇరవై రెండేళ్ల ఉద్యోగం. రేవంతా ‘పదహారమ్మ’ అంటారు. సముద్రం మీద మాటలకు దారులు పంచారు: పన్నెండో చానెల్ రేవు పనులకు, ఆరు, ఎనిమిది పడవల కబుర్లకు. పదహారు మాత్రం పిలవడానికి, ప్రాణం మీదికొస్తే అరవడానికి. బదులందగానే పిలిచినవాడు వేరే చానెల్‌కు తప్పుకోవాలి. ఆ నిశ్శబ్దాన్ని ఆవిడ రోజూ వాకిలిలా ఊడ్చి ఉంచేది.

ఆ మధ్యాహ్నం ఓ గొంతు వచ్చింది. “పడవలోకి నీళ్లొచ్చేస్తున్నాయ్! ఐదుగురం... మేమున్న చోటు...”

దానిమీద ఇంకో గొంతు పడింది. తాపీగా, ఏదో నములుతూ.

“మా అక్క సంగతి తెలుసుగా! ఇంట్లో కూడా ‘ఓవర్’ అంటేగానీ అన్నం పెట్టదు!”

నవ్వులు.

తమ్ముడే. రేవులో ఓడల్ని లాగే టగ్గు పడవ నడుపుతాడు. మైకును కొక్కేనికి తగిలించరా అని చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పింది. కుర్చీలో పడేసి, మాట పంపే మీట నొక్కుకుపోయేలా దానిమీదే కూర్చున్నాడు. మీట లేచేదాకా వాడికి ఏ పిలుపూ వినబడదు. పక్కనే ఉన్న ఈ గొంతు కింద దూరపు గొంతు నలిగిపోతుంది.

వాడికి ఫోన్ చేసింది. ఎత్తలేదు. మరదలికి చేసింది.

“డ్యూటీలో ఫోన్ ముట్టరు వదినా. మీరేగా నేర్పారు!”

పళ్లు పటపట కొరికింది. చెవిగొట్టాలు తీసి పక్క కుర్చీలోని సహోద్యోగి చేతిలో పెట్టింది. “రక్షణ పడవను సిద్ధం చెయ్యి. చోటు వినబడగానే పంపు.” చెప్పులు వదిలేసి మెట్లు దిగి పరిగెత్తింది. ఎండకు గట్టు కాలుతోంది. అంతకన్నా ఎక్కువ ఆవిడే కాలుతోంది.

టగ్గు గదిలోకి దూకి తమ్ముడి కాలర్ పట్టుకుంది.

“లే!”

“ఏంటక్కా, అందరి ముందూ...”

“నీ కింద ఐదుగురున్నార్రా, వెధవా! లే!”

లేచాడు. మీట వదులైంది. రేడియో ఒక్కసారి ఊపిరి పీల్చుకున్నట్టు గరగరలాడింది.

“...దీపస్తంభానికి తూర్పున తొమ్మిది మైళ్లు... ఎవరైనా వింటున్నారా...”

“విన్నాం. వస్తున్నాం,” అంది రేడియో గది నుంచి సహోద్యోగి గొంతు.

తమ్ముడి మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఆవిడ మైకును తీసి కొక్కేనికి తగిలించింది.

సాయంత్రానికి ఐదుగురూ ఒడ్డు చేరారు, ఒకణ్ణి మాత్రం మోసుకొచ్చారు. తమ్ముడు రేడియో గది గుమ్మంలో నిలబడ్డాడు.

“అక్కా, ఇది రాస్తే నా లైసెన్సు పోతుందే.”

“వాళ్లు పోతే ఏం రాయించేవాడివి నాతో?”

రోజు పుస్తకంలో టగ్గు పేరు రాసింది. నడిపేవాడి పేరు రాసింది. పదహారు మూసుకుపోయిన సమయం: పంతొమ్మిది నిమిషాలు. కలం కాగితాన్ని చింపేంత గట్టిగా నొక్కింది.