ప్రశ్న మాది, జవాబు వాళ్లది

మొన్న హిమాయత్‌నగర్‌లో, పాత క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించే దుకాణంలో, మా తాత పాడిన నలభై నిమిషాల పాటను సగానికి సగం కుదించి నా చేతిలో పెట్టారు. "మధ్యమధ్యల ఖాళీ మస్తున్నది సార్. ఏం వినొస్తలేదు. అంత తీసేసి సాఫ్ చేసిన" అన్నాడు దుకాణం ఆయన, నేను మెచ్చుకుంటానన్న ధీమాతో. క్యాసెట్ ఏదని అడిగితే, ఆఖర్న మిషన్ రీలు నమిలేసిందని, నా అదృష్టం కొద్దీ పాట అప్పటికే ఎక్కిందని చెప్పాడు. ఆ ఖాళీల్లోనే మా పెద్దమామ ఉన్నాడని ఆయనకు ఎట్లా చెప్పడం? స్టూలు లాక్కుని కూలబడ్డాను.

తొంభైల నాటి చిక్కడపల్లి మీకు తెలిస్తే మా గల్లీ కూడా తెలిసే ఉంటుంది. తెలియకపోయినా నష్టం లేదు, రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోవలసిన గల్లీ అది. పాలమూరు జిల్లాలోని ఒక చిన్న పట్నం నుంచి తట్టా పారా పట్టుకుని వచ్చిన మావాళ్లు ఇక్కడ చాలామందికి మేడలు కట్టి, తాము మాత్రం కిరాయి గదుల్లో ఉండి, సొంత ఆస్తిగా ఒక్క తొలి ఏకాదశి పాటను మిగుల్చుకున్నారు. ఆ రోజు పొద్దున గల్లీకి ఈ పక్క ఒక వరుస, ఆ పక్క ఒక వరుస నిలబడేది. మా వరుస అడుగుతుంది, ఎదుటి వరుస జవాబు చెబుతుంది. 'ఏ తోవన వస్తివి సామీ' అని మేమంటే 'నీ తోవనే వస్తినయ్యా' అని వాళ్లు. అట్లా సామి తిన్న తిండీ, తొక్కిన ముల్లూ, పడుకున్న అరుగూ అన్నీ అడిగి తెలుసుకునేదాకా సాగేది. ఒకరి సగాన్ని ఇంకొకరు నోట పలకకూడదు. అది దొంగతనం కింద లెక్క. అందుకని మా వంశంలో తరతరాలుగా ప్రశ్నలే తప్ప జవాబులు లేవు. నా డిగ్రీ మార్కులు చూసినవాళ్లు ఈ మాట వెంటనే ఒప్పుకునేవారు.

మా వరుసకు పెద్ద మా తాత, అంటే నాన్నకు నాన్న. ఎదుటి వరుసకు పెద్ద మా పెద్దమామ, అమ్మకు పెద్దన్న, అశోక్‌నగర్‌లో ఉండే మేస్త్రీ. ఒక ఏడాది పాట చివర, 'ఏమి తెస్తివి సామీ' అని మావాళ్లు ఎత్తుకోగానే, పెద్దమామ ఊపులో ఉండి ఆ 'సామీ' అన్న మాటను మాతో పాటు తనూ పాడేశాడు. ఒక్క మాట. తాత ఆ రోజు పేలపిండి ముట్టలేదు. మా మాట మింగిండని ఆయన, అది పాట కాదు దగ్గు అని ఈయన, పన్నెండు నెలలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒకరికి చెల్లెలూ మరొకరికి కోడలూ అయిన మా అమ్మ మాత్రం తన అభిప్రాయమంతా వంటింటి గిన్నెల ద్వారా చెప్పేది, మేము సొట్టలు చూసి అర్థం చేసుకునేవాళ్లం.

నవ్వులాటగా చెబుతున్నాను గాని, అప్పుడు నవ్వే పని కాదు. ఒక్క ఏడు తప్పితే ఆ పాటను మళ్లీ ఎత్తకూడదని మా ఊరి కట్టు. అదే ఏడాది తాత గొంతులో ఏదో అడ్డం పడింది. డాక్టరు మాట తగ్గించమన్నాడు. తాత మాట తగ్గించి పాట పెంచాడు. పాట నా చేతుల మీదనే పోతదా అని ఎవరినీ అడగకుండా అడిగేవాడు.

ఏకాదశి దగ్గర పడుతుంటే నేను నారాయణగూడలో ఉండే క్లాస్‌మేటు దగ్గర టేప్‌రికార్డరు అడిగి తెచ్చి తాత ముందు పెట్టాను. తాత ఒక ప్రశ్న పాడి, కళ్లు మూసుకుని, మోకాలి మీద వేలితో తాళం వేస్తూ కూచున్నాడు. రీలు వృథా అవుతోందని ఆపబోతే, కళ్లు తెరవకుండానే చెయ్యెత్తి, "ఆగుర, వాళ్లు పాడుతుండ్రు" అన్నాడు. వాళ్ల పెద్ద ఆ సమయానికి అశోక్‌నగర్‌లో అన్నం తింటున్నాడు. అయినా నేను ఆపలేదు. ప్రతి ప్రశ్న తర్వాతా, ఎదుటివాళ్ల జవాబుకు సరిపడా చోటు వదిలి, తాత పాట మొత్తం పాడాడు.

ఏకాదశి పొద్దున మా వరుసలో ఎనిమిదిమంది నిలబడ్డారు. ఎదుట ఒక పాత సైకిలు నిలబడి ఉంది. పెద్దమామ వరుసవాళ్లు గల్లీలోనే తలుపుల వెనక నుంచి తొంగి చూస్తున్నారు గాని పెద్ద లేకుండా బయటకు రారు. ముందురోజు అశోక్‌నగర్‌కు అమ్మ పోయి వచ్చింది, నాన్న పోయి వచ్చాడు. ఇద్దరికీ చాయ్ దొరికింది గాని జవాబు దొరకలేదు. ఎండ మా గడప మీద పడేలోపల పాట ఎత్తుకోవాలి. అప్పటికే ఎదుటి మేడ పిట్టగోడ దిగి కిటికీ దాకా వచ్చేసింది. తాత కుర్చీ వేస్తే వద్దన్నాడు, పెద్దమామను పిలవడానికి ఎవరైనా పోతే తన్నుతనన్నాడు. పిలవద్దన్నాడు గనక నేను పిలవకుండానే తీసుకొద్దామని, టేప్‌రికార్డరు ఒళ్లో పెట్టుకుని లూనా బండి ఎక్కాను.

పెద్దమామ వరండాలో కిటికీ ఊచకు అద్దం వేలాడదీసి గడ్డం గీసుకుంటున్నాడు. దారి పొడుగునా కూడబెట్టుకున్న ఉపన్యాసం ఆ కత్తిని చూడగానే మరిచిపోయి, మెట్టు మీద టేపు పెట్టి బటన్ నొక్కాను. తాత గొంతు వచ్చింది, ప్రశ్న అడిగింది, ఆగింది. కత్తి కదులుతూనే ఉంది. రెండో ప్రశ్న. అత్తమ్మ చేతిలో గరిటతో తలుపు దాకా వచ్చి నిలబడింది. మూడో ప్రశ్న. సెల్లులు అయిపోతున్నాయి, తాత గొంతు సాగి సాగి, పొద్దు గుంకేదాకా మేసి ఇంటికి రానన్న బర్రె గొంతైంది. ఇంకొక్క ప్రశ్నకు మించి పలకదు. నాలుగోది మూలుగుతూ వచ్చి ఆగింది. ఆ ఖాళీలో కత్తి ఆగింది. పెద్దమామ పెదవి కొరుక్కున్నాడు, అద్దంలో నన్ను చూశాడు, ఇక పట్టలేక సబ్బు నురగ చిమ్ముతూ జవాబు ఎత్తుకున్నాడు. అది ముగిసేసరికి టేపు ఆగిపోయి ఉంది. "తర్వాతది ఏందిరా?" అని గద్దించాడు. "అది చిక్కడపల్లిల ఉన్నది మామా" అన్నాను.

లూనా వెనక నుంచి సగం గడ్డంతో దిగిన మనిషిని తాత కింది నుంచి పై దాకా చూశాడు.

"ఏందిర అల్లుడా, సగమే గీసుకున్నవ్?"

"నీ మనవడు సగం పాటే తెచ్చిండు మామా. ఏం జెయ్యాలె?"

పన్నెండు నెలల తర్వాత వాళ్లు మాట్లాడుకున్నది అదే. తలుపులు తెరుచుకున్నాయి, సైకిలును ఎవరో పక్కకు లాగారు. ఎండ గడపకు జానెడు దూరంలో ఉండగా పాట లేచింది. అయినా గండం గడవలేదు, ఎందుకంటే చివరి ప్రశ్న ఇంకా ముందుంది. అది రాగానే గల్లీ మొత్తం పెద్దమామ నోటి వైపు చూసింది. ఆయన రెండు అరచేతులూ నోటికి అడ్డం పెట్టుకుని, మావాళ్ల 'సామీ' పూర్తిగా అయిపోయేదాకా కళ్లు పెద్దవి చేసుకుని నిలబడి, అప్పుడు చేతులు తీసి 'ఒట్టి చేతుల వస్తినయ్యా' అని పాడాడు. తాత పేలపిండి తన చేత్తో ఆయన నోట్లో పెట్టాడు. పెద్దమామకు నిజంగానే దగ్గొచ్చింది.

తాత ఇంకో రెండు ఏకాదశులు పాడాడు. ఆయన తర్వాత కొన్నేళ్లు సాగింది. ఆ తర్వాత కొందరు కవాడిగూడకు, కొందరు ఇంకా దూరానికి కిరాయి తక్కువని వెళ్లారు, పెద్దమామ పోయాడు, ఒక ఏడు ఏకాదశి వచ్చి వెళ్లింది. పాట ఏ ఏడు తప్పిందో కూడా మాలో ఎవరికీ సరిగ్గా గుర్తులేదు. ఒక్క మాట మింగినందుకు పన్నెండు నెలలు పట్టింపు పట్టిన మనుషులం, పాటంతా పోతే ఒక్కరం కూడా అలగలేదు.

దుకాణం ఆయన మంచివాడే. ఖాళీలు మళ్లీ పెడతానన్నాడు. "ఒక్కొక్కటి ఎంతసేపు పెట్టాలె సార్?" అన్నాడు. ఎంతసేపో చెప్పాలంటే ఎదుటి వరుస పాటను మనసులో పాడుకుని చూడాలి గదా. పాడుకున్నాను. మనసులో అనుకున్నది గొంతులోకి వచ్చేసింది. ఎన్నడూ నేర్చుకోని, నోట పలకగూడని జవాబులు ఒకదాని వెనక ఒకటి, పెద్దమామ విరుపులతో సహా వచ్చాయి. ఫోన్ కవర్లు కొనడానికి వచ్చినవాళ్లు తిరిగి చూశారు. దుకాణం ఆయన గడియారం చూసి చీటీ మీద సెకండ్లు రాసుకుంటూ పోయాడు.

మా భాషలో వరుస అంటే నిలబడ్డ మనుషులు, వరుస అంటే చుట్టరికం, వరుస అంటే పాట నడక కూడా. మూడో వరుస ఒక్కటే నా దగ్గర మిగిలింది. రెండు పక్కలదీ నా ఒక్క నోట్లోనే ఉంది ఇప్పుడు. దొంగతనమే, కాని పట్టుకుని అలిగేవాడు గల్లీకి ఆ పక్క ఎవడూ లేడు.