‘దొరకవు’ అన్న మాట దొరకని రీలు

కదలని అక్షరం చచ్చిన అక్షరమని నేను గట్టిగా నమ్మిన రోజులవి. డిగ్రీ అయిపోయి, కొత్తపేటలో ఇంట్లోనే కూర్చుని, ఫోను నిలువుగా పట్టుకుని చూసే చిన్న చిన్న వీడియోల్లో బొమ్మల్నీ అక్షరాల్నీ ఆడించడం కంప్యూటరు మీద నేర్చుకున్నాను. నేర్చుకున్నానంటే, పేరొస్తే గిరగిరా తిరిగేది, ధరొస్తే ఎగిరి దూకేది. (మా అమ్మ ఒకసారి చూసి, కళ్ళు తిరుగుతున్నాయని మజ్జిగ తాగింది.) నాకు మొట్టమొదట పని ఇచ్చిన మనిషి రావులపాలెంలో అరటిపళ్ళ వ్యాపారం చేసే మా బాబాయిగారు. జాలిపడి ఇచ్చారని నాకు తప్ప అందరికీ తెలుసు.

ఆయన కోసం చేసిన వీడియోలో చక్రకేళి గెలలు పైనుంచి ఒక్కొక్కటే దిగుతాయి. వాటి కింద పసుపు రంగు అక్షరాలు వరసగా వచ్చి కూర్చుంటాయి: ‘మందు వేసి మగ్గబెట్టిన పళ్ళు’, దాని కింద ‘మా దగ్గర’, అన్నిటికన్నా అడుగున ‘దొరకవు’. కంప్యూటరులో చూసుకుని నాకు నేనే మురిసిపోయి, బాబాయిగారి షాపు పేరు మీద రీలుగా పెట్టేసి భోజనానికి కూర్చున్నాను. ముద్ద నోట్లో ఉండగానే పిన్నిగారు ఫోన్ చేశారు. “అమ్మాయీ, మీ బాబాయిగారు మందు పళ్ళు అమ్ముతున్నట్టు నీకెవరు చెప్పేరే?” అని చాలా నెమ్మదిగా అడిగారు.

ఫోను తెరిచి చూద్దును కదా, వీడియో అడుగున షాపు పేరూ వివరాలూ యాపే చూపిస్తోంది. (ఆ జాగాలో ఏమీ రాయకూడదన్నది ఈ పనిలో మొదటి పాఠమట. నేను రెండో పాఠం నుంచి మొదలుపెట్టాను.) నా ‘దొరకవు’ సరిగ్గా దాని వెనక్కి పోయింది. మిగిలిందంతా చక్కగా గంతులేస్తూ కనిపిస్తోంది. నేను తీసేసేలోపే తెలిసినవాళ్ళంతా చూసేశారు. లారీ డ్రైవర్లు ఆగి మరీ, మందు పళ్ళు గెల ఎంతండీ అని బాబాయిగారిని ఆటపట్టించారట. పెళ్ళికి గెలలు చెప్పుకున్న ఒకాయన మాత్రం నిజమనుకుని వద్దనేశాడట. ఏళ్ళ తరబడి మందు వేయకుండా గదిలో పొగబెట్టి మగ్గించిన పళ్ళే అమ్మిన మనిషికి ఆ మాట ఎలా తగిలి ఉంటుందో తలచుకుంటే అన్నం సహించలేదు.

సాయంత్రం బస్సెక్కి బాబాయిగారి షాపుకి వెళ్ళి, ఈ పని నాకు రాదనీ, బ్యాంకు పరీక్షలకు చదువుకుంటాననీ ఏడుస్తూ చెప్పాను. ఆయన స్టూలు లాగి కూర్చోబెట్టారు.

“మొదటిరోజే గెల జారవిడవని హమాలీ ఉంటాడేంటమ్మా? రేపు పొద్దున్నే వచ్చి వీడియో తియ్యి. ఆ పోయిన మాటేదో నేనే చెప్తాను.”

మర్నాడు ఇస్త్రీ చొక్కాతో గెలల మధ్య నిలబడ్డారు. తీరా చూస్తే, కుశలం అడగకుండా మాట మొదలుపెట్టడం ఆయనకు చేతకాదు. “అందరూ బాగున్నారాండీ? టిఫిన్లయ్యేయాండీ?” అనేసరికే సగం వీడియో అయిపోయేది. ఎన్నిసార్లు తీసినా అంతే. చివరికి వదిలేసి, చుట్టూ నా పసుపు అక్షరాలు తిప్పి అలాగే పెట్టాను. “ఆయ్, మందు పళ్ళు మా దగ్గర దొరకవండీ” అని ఆయన చేతులు జోడించిన ఆ వీడియోను జనం ఒకరికొకరు పంపుకున్నారు. పెళ్ళివారాయన తనే వచ్చి గెలలు పట్టుకెళ్ళాడు. అంబాజీపేట నుంచి ఒక కొబ్బరి వ్యాపారి నాకు ఫోన్ చేసి, తన చేత కూడా టిఫిన్ల సంగతి అడిగించమన్నాడు. నా బతుకుతెరువు అలా మొదలైంది.

ఆ వీడియో ఇప్పటికీ నా దగ్గరుంది. బాబాయిగారి చుట్టూ పసుపు అక్షరాలు ఈగల్లా ముసురుతుంటాయి. అన్నగారి కూతురి మీద నమ్మకంతో, ఆ గందరగోళం వెనక చెమటలు కక్కుతూ ఆయన నవ్వుతూ నిలబడి ఉంటారు. ఆనాటి అమ్మాయి భుజం తట్టి, అవి కాస్త పక్కకు జరుపు తల్లీ, ఆయన ముఖం కనపడనీ అని చెప్పాలనిపిస్తుంది.