వారాల వంతు

మధ్యాహ్నం ఒంటి గంటా ఇరవై నిమిషాలకు ఇంటికి తాళం వేసి, దిండు చంకలో పెట్టుకుని వీధి దాటాను. మూడు వేసవులుగా ఆ వేళకు చేస్తున్న పనే. మా ఆయన పెద్దకర్మ అయిన మరుసటి రోజు కూడా కాళ్లు అలాగే నడిచాయి.

ఆ ఏర్పాటు మా ఆయనదే. బడిపంతులుగా రిటైరయ్యాక వచ్చే పింఛను పెద్దగా పెరగలేదు, కరెంటు బిల్లు మాత్రం ఏటేటా పెరిగింది. కడపలో మే నెల ఎండను వర్ణించను. మిద్దె కింద మధ్యాహ్నం మంచం పట్టీ ముట్టుకుంటే చెయ్యి వెనక్కి తీసుకుంటాం, అంతే. ఎదురింట్లోనూ ఇద్దరే. బట్టల దుకాణం మూసేసి, ఆ గది మీద వచ్చే అద్దెతో బతుకుతున్న పెద్దాయన, ఆయన భార్య. ఒక వారం మా ఏసీ, ఒక వారం వాళ్లది అనుకున్నాం. నడి ఎండలో నలుగురం ఒకే గదిలో ఉండేవాళ్లం.

"ఏం సారూ, ఇరవై ఎనిమిది మీద పెట్టినావు? ఇది ఏసీనా, నువ్వే ఊదుతాండావా?" అనేవాడు పెద్దాయన, మా వారంలో.

"మీ వారంలో పెట్టుకోప్పా కాశ్మీరు. ఈడ ఇంతే," అనేవారు మా ఆయన.

మేం ఆడవాళ్లిద్దరం చాప మీద పడుకుని, ఆ మాటలు వింటూనే నిద్రపోయేవాళ్లం.

ఏప్రిల్‌లో, రెండు రోజుల జ్వరంతో, మా ఆయన పోయారు. ఇక నాకు వచ్చేది కుటుంబ పింఛను, ఆయన పింఛనులో ఒక భాగం. ఒక్కదాన్నే రోజూ ఏసీ వేసుకుంటే నెల గడవదు. ఎదురింటి గది లేకపోతే ఆ ఎండ దాటడం ఎలాగో నాకు తెలియదు. కర్మ అయ్యేదాకా ఎదురింటామె మా వంటింట్లోనే ఉంది. నాకు అన్నం కలిపి ఇచ్చింది ఆమే.

ఆ రోజు తలుపు ఆమే తీసింది. చల్లగాలి నా పాదాలకు తగిలింది. పక్కకు జరుగుతుందనుకున్నాను. జరగలేదు.

"ఎందుకొచ్చినావక్కా?"

ప్రశ్న అర్థం కాలేదు. "ఈ వారం మీదే గదమ్మా," అన్నాను.

"నువ్వింకా గుడి నిద్ర చేసి రాలేదు గదక్కా."

భర్త పోయిన మనిషి గుడిలో ఒక రాత్రి నిద్ర చేసి వచ్చేదాకా ఇంకొకరి గడప తొక్కకూడదంటారు. నాకు తెలియనిది కాదు. అది నాకూ వర్తిస్తుందని తోచలేదు.

లోపలి నుంచి పెద్దాయన కేక వేశాడు. "ఎవరే అది? అక్కేనా? రమ్మను, తలుపు ముయ్యండి! సల్లదనమంతా వీధి పాలైతాంది!"

ఆమె తలుపు ఓరగా దగ్గరకు లాగింది. గొంతు తగ్గించింది. "మా ఆయప్పకు గుండెలో స్టెంటు ఏసినారు. నాకు శానా భయంగా ఉండాది. నువ్వు మీ ఇంట్లోనే ఏసీ ఏసుకో అక్కా. బిల్లు మేం కడతాం."

బిల్లు భరించలేకే రెండిళ్లూ ఒక గదిలో చేరాయి. ఇప్పుడు ఆమె రెండు బిల్లులూ కడతానంటోంది, నేను లోపలికి రాకుంటే చాలని.

"సరేమ్మా" అన్నాననుకుంటాను. తిరిగి వీధి దాటడం గుర్తులేదు. ఆసుపత్రిలో డాక్టరు, ఆయన పోయారని చెప్పినప్పుడు కూడా నేను అంత కొయ్యబారిపోలేదు.

బిల్లు కట్టనివ్వలేదు. ఆ వేసవంతా తడి దుప్పటి కప్పుకుని, ఫ్యాను కింద నేల మీద గడిపాను. గుడి నిద్ర అయ్యాక, మరుసటి వేసవిలో, ఆమే వచ్చి పిలిచింది. పోయాను. పెద్దాయన ఎప్పటిలాగే జోకులు వేశాడు. కానీ ఆయన దగ్గినప్పుడల్లా ఆమె ముందు నన్ను చూసేది, తర్వాత ఆయన్ని. కొన్నాళ్లు చూసి, "పగలు నిద్ర పట్టడం లేదమ్మా," అని చెప్పి మానేశాను. ఆమె ఎందుకని అడగలేదు.

మా రెండిళ్ల మధ్య ఇప్పుడు వారాల వంతు లేదు.