రంజన్‌లోంచి తీసిన బావి నీరు

ఇరవై లీటర్ల నీళ్ల డబ్బాలకు మూతలు బిగించే మనిషెవరో నాకు తెలియదు గానీ, అతనికి మనుషులంటే పడదని మాత్రం రూఢిగా చెప్పగలను. మూతకు ఒక చిన్న తోక ఉంటుంది. దాన్ని పట్టుకుని లాగితే మూత ఊడివస్తుందని కంపెనీవాళ్ల నమ్మకం. తోక చేతికి వస్తుంది, మూత అక్కడే ఉంటుంది. మొన్న ఆదివారం కూరగాయల కత్తితో దాన్ని పొడుస్తుంటే బొటనవేలు తెగింది. వేలికి పట్టీ వేసుకుని కూర్చుని, సొంత బావి ఉన్న ఇంట్లో పుట్టినవాణ్ణి తాగే నీళ్ల కోసం కత్తి పట్టడమేమిటని ఆలోచిస్తే, కోపం మూత మీంచి జారి ఎటెటో తిరిగి మా కిరాయి సారు దగ్గర ఆగింది. ఆయన మీద కాదు, ఆయన చుట్టూ ఉన్న మా అందరి మీద.

సారుది కోస్తా. పటాన్‌చెరు వైపు ఒక పెద్ద సర్కారు ఫ్యాక్టరీలో, కంప్యూటర్ విభాగంలో పని. ఎనభైల మొదట్లో భార్యతో సహా మా ఇంటి ముందరి రెండు గదుల్లోకి కిరాయికి దిగారు. సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అనే మాట అప్పటికి మా ఊరి దాకా రాలేదు. ఇంజనీరంటే రోడ్డు వేసేవాడన్నా కావాలి, కరెంటు స్తంభం పాతించేవాడన్నా కావాలి. “సారేం జేస్తడే?” అని ఎవరన్నా అడిగితే మా నాయిన “మిషన్‌కు చిట్టీలు రాస్తడు” అనేవాడు. అట్టముక్కలకు రంధ్రాలు పొడిచి కంప్యూటర్‌కు తినిపించే రోజులు కాబట్టి అందులో పెద్ద తప్పేమీ లేదు. ఆ మిషన్ మా కొట్టమంత ఉంటుందనీ, దానికి ఏసీ పెట్టారనీ సారు చెబితే, మా అమ్మ బర్రెల వైపు జాలిగా చూసింది.

ఉద్యోగం ఏదైనా ఆయనకు ప్రాణం సైన్సు. సూర్యగ్రహణం నాడు ఊరంతా తలుపులు బిడాయించుకుంటే, మా అమ్మ దగ్గర జల్లెడ అడిగి తీసుకుని వాకిట్లో ఎండకు పట్టారు. పేడతో అలికిన నేల మీద, జల్లెడ నీడలో, వందలకొద్దీ చిన్న చిన్న నెలవంకలు వణుకుతూ కనిపించాయి. ప్రతి రంధ్రమూ తన వంతు సూర్యుణ్ణి గీస్తోందన్నారు. తలుపు సందులోంచి చూస్తున్న నాయిన కాసేపటికి చెప్పులు కూడా లేకుండా బయటికి వచ్చేశాడు. గ్రహణం విడిచాక అమ్మ ఆ జల్లెడకు తలస్నానం చేయించిందనుకోండి, అది వేరే సంగతి. సైన్సు చదివితే నేనూ అలాంటి మనిషినవుతానని ఆ రోజే నిశ్చయించుకున్నాను. సారు చెప్పిన కెమిస్ట్రీతోనే డిగ్రీ గట్టెక్కాను. ఆ కెమిస్ట్రీతోనే, మా పొలాల అవతల వెలసిన మందుల ముడిసరుకు ఫ్యాక్టరీలో ల్యాబు ఉద్యోగం సంపాదించాను. మనుషుల రోగాలు తగ్గించే మందులే. కాకపోతే ఆ మనుషులు మా ఊళ్లో ఉండరు.

నేను చేరడానికి మూడేళ్ల ముందే మా బావి నీళ్లకు రంగు వచ్చింది. తర్వాత వాసన వచ్చింది. మా బర్రె తొట్టిలో మూతి పెట్టి, ఒకసారి నాయిన మొహం చూసి, మూతి తీసేసింది. ఆ నీళ్లలో పప్పు ఉడకడం మానేసింది. కొండాపూర్ దిక్కు మేనత్త ఊరి నుంచి నాయిన మోపెడ్ మీద రెండు క్యాన్ల నీళ్లు తెచ్చి ఇంట్లో మట్టి రంజన్‌లో పోసేవాడు. అవి పప్పుకూ, చుట్టాలకూ. మాకు మాత్రం బావే.

సారు అప్పటికి స్వచ్ఛంద పదవీ విరమణ తీసుకున్నారు. మిషన్లు చిన్నవైతే మనుషులు ఎక్కువైనట్టు కనిపిస్తారట. ఆ తీరికంతా ఆయన మా బావికి ఇచ్చారు. ప్రతి సోమవారం ఒక సీసా నీళ్లు ముంచి రంగు, వాసన, లిట్మస్ కాగితం ఏం చెప్పిందీ రిజిస్టర్‌లో రాసుకునేవారు. అలా మూడేళ్లు. అర్జీలు పెట్టగా పెట్టగా ఒక మే నెల మధ్యాహ్నం జీపులో ఒక అధికారి వచ్చాడు. ఆయనకు ఎదురెళదామని సారు రోడ్డు మలుపు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడితే, జీపు ఇంకో దారిన వచ్చింది.

అధికారి దూరంగా ఉన్న బావిని చూశాడు, ఎండను చూశాడు, కుర్చీలో కూర్చున్నాడు. అమ్మ రంజన్‌లోంచి చెంబుతో నీళ్లిచ్చింది. “మంచిగున్నయమ్మా నీళ్లు, గింత పరేషాన్ ఎందుకయితున్రు?” అన్నాడాయన. నీళ్లను మెచ్చుకున్నాడని అమ్మ మురిసిపోయింది. ఆయన లేచి అదే రంజన్‌లో తన సీసా ముంచి, ‘బావి నీరు’ అని చీటీ అంటించాడు. నేను అక్కడే ఉన్నాను. నాకు సెలవు. ల్యాబులో ప్రొబేషన్ ఇంకా రెండు నెలలుంది. నోరు తెరిచాను కూడా. “చాయ్ తాగి పొండి సార్” అన్నాను.

సాయంత్రం నాయిన అడిగాడు. “గదేందే, బావిల ముంచకుంట రంజన్ల ముంచనిచ్చినవా?”

“ఇంటికొచ్చినోనికి గా కంపు నీళ్లు పోస్తరా ఎవలన్న?” అంది అమ్మ.

తాగడానికి యోగ్యమని రిపోర్టు వచ్చింది. ఫ్యాక్టరీవాళ్లు దానికి పటం కట్టించి గేటు గదిలో దేవుడి పటం పక్కన తగిలించారు. రోజూ దాని కిందే నేను హాజరు సంతకం పెట్టేవాణ్ణి. రంజన్ సంగతి విన్నాక కూడా సారు మాత్రం కోప్పడలేదు. “ల్యాబువాళ్ల తప్పేం లేదబ్బాయ్. వాళ్లకిచ్చిన నీళ్లకి అది సరైన జవాబే. మనం తప్పు లోపలికి పంపాం” అన్నారు. కళ్లారా చూసిన మనిషి రాసిస్తే మళ్లీ పరీక్ష చేస్తారట. చూసినవాళ్లం ఇద్దరం. అమ్మకు రాయడం రాదు. “రేపు రాస్త సార్” అన్నాను. రెండోసారి అడిగితే అదే మాట. మూడోసారి ఆయనే రాసి తెచ్చారు, సంతకం ఒక్కటే తక్కువ. చదివి పెడతానని తీసుకున్నాను. చదివాను. బాగా రాశారు.

సాక్షి లేని అర్జీని ఎవరూ పట్టించుకోలేదు. మరుసటేడు సారు పట్నంలో బంధువుల దగ్గరికి మారిపోయారు. ఆ నీళ్లతో వరి ఎర్రబారుతుంటే చూడలేక నాయిన మోటారు విప్పేశాడు. గేటు గదిలో పటం మాత్రం చెక్కుచెదరలేదు. అధికారిని తిట్టుకున్నాను, ఫ్యాక్టరీని తిట్టుకున్నాను, ఒకసారి అమ్మ మీద కూడా అరిచాను. ఊళ్లో నేను తిట్టని మనిషి ఒక్కడే మిగిలాడు. వాడికి ఉద్యోగం పర్మనెంటయింది.

పదేళ్ల తర్వాత సారు పోయారని తెలిసి వెళ్లాను. ఆయన భార్య, మేమంతా అమ్మగారనే ఆవిడ, ముందు ఒక గ్లాసు నీళ్లిచ్చి, తర్వాత రిజిస్టర్ తెచ్చి ఇచ్చారు. ఆ మే నెల పేజీలో సారు చేతిరాత: ‘నమూనా రంజన్‌లోది, బావిది కాదు. సాక్షి’ అని, పక్కన నా పేరు, దాని పక్కన ‘రేపు’. రేపంటే ఒక రోజనుకుంటాం. నా చేతిలో పడి అది పదేళ్లయింది, ఇంకా తెల్లవారలేదు.

సారు లాంటి మనిషి ఇగ దొరకడని ఏదో అన్నాను. అమ్మగారు ఖాళీ గ్లాసు అందుకున్నారు.

“నువ్వు రాస్తావనే అన్నార్రా ఆయన, చివరిదాకా. ఈ అబ్బాయి రాయడని నేను మొదటిరోజే చెప్పా.”